మజ్జిగ గ్లాసు పక్కన తహసీల్దారు

"ఆ రోజుల్లో" అని మొదలుపెట్టే అర్హత నాకింకా రాలేదని మా ఆవిడ అంటుంది. ఆమె లెక్క ప్రకారం ఆ మాట వాడాలంటే మూడు షరతులు నెరవేరాలి. పావు తలైనా నెరిసి ఉండాలి. మన కుర్రతనంలో ఉన్న సినిమా హాలు ఒకటైనా ఇప్పుడు ఫంక్షన్ హాలు అయి ఉండాలి. వినేవాళ్లలో ఒకరైనా ఆవలించాలి. నాకు మొదటిది లేదు. రెండోదానికి ఆబిడ్స్‌లో కొదవ లేదు. మూడోదాని సంగతి మీరే చెప్పాలి. మూడింట ఒకటిన్నర మార్కులతో పాసయ్యాననుకుని మొదలుపెడుతున్నాను.

ఆ రోజుల్లో (పదేళ్లు కూడా కాలేదు, అయినా) ప్రపంచంలో ప్రతి వస్తువుకీ ఒక కొలత ఉంటుందని, అది తెలిస్తే ఇక ఏ ఇబ్బందీ రాదని నా గట్టి నమ్మకం. మెకానికల్ ఇంజనీరింగ్ చదివాను. డ్రాయింగు పేపర్లో కాలేజీ ఫస్టు. మా మేనమామకు బాలానగర్‌లో ఏసీ డక్టులు తయారుచేసే షెడ్డు ఉంది, నాకోసం అక్కడ ఒక కుర్చీ, ఒక హెల్మెట్ సిద్ధంగా ఉన్నాయి. నేనేమో ఆ రేకు గొట్టాల మాట ఎవరెత్తినా అక్కణ్ణుంచి లేచిపోయేవాణ్ణి. అందుకని ఇంట్లో పోరి, ఆబిడ్స్‌లో ఒక కళ్లజోళ్ల షాపు పైఅంతస్తులో ఉన్న చిన్న పుస్తకాల ప్రచురణ సంస్థలో కవర్లు గీసే ఉద్యోగంలో చేరాను. మా నాన్న ఎక్కువ మాట్లాడలేదు. "మూడు నెలలు చూడు. వాళ్లు పర్మనెంటు చేస్తే బొమ్మలు, లేకపోతే డక్టులు," అన్నారు. నేను ఆ వాక్యాన్ని డైరీలో రాసుకుని కింద గీత గీశాను. పక్కనే ఆఖరు తేదీ కూడా వేశాను. సరిగ్గా ఆ తేదీకే నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో మా సంస్థ పుస్తకాల స్టాలు పెట్టబోతోందని అప్పటికి నాకు తెలియదు.

సంస్థ యజమానిని అందరూ పెద్దసారు అనేవాళ్లు. మెదక్ వైపు మనిషి, గొంతు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. ఒకే ఒక్క లోపం. మాట్లాడుతూ ఉన్నప్పుడు చేతికి ఏ గ్లాసు తగిలితే దాన్ని ఎత్తి తాగేసేవారు. ఎవరిది, ఏమిటి, ఎప్పటిది అన్న విచారణ ఉండేది కాదు. నేను చేరిన మొదటి వారంలో నా చాయ్ నేను తాగింది ఒక్కసారే. అదీ ఆయన పంటి నొప్పితో రాని రోజున. ఒకసారి నేను బ్రష్షు ముంచుకున్న నీళ్లు కూడా తాగి, "ఏందిర ఇంజనీరూ, చాయ్ల జర చెక్కర తక్కువైనట్టున్నది," అన్నారు. (నీలం రంగు. ఏమీ కాలేదు. రెండు రోజులు గమనించాను.)

కవర్ల విషయంలో ఆ సంస్థకో పద్ధతి ఉంది. ఒక పెద్ద షీటు మీద నాలుగు పుస్తకాల కవర్లు కలిపి ఒకేసారి కొట్టిస్తారు. నాలుగో పుస్తకం ఇంకా రాయడం పూర్తికాకపోయినా సరే, మిగతా మూడింటి కోసం దాని కవరు కూడా వెళ్లిపోవాల్సిందే. "లోపలిది ఎప్పుడన్న దిద్దుకోవచ్చు. కవర్ పడ్డదంటె ఇగ అది శిలాశాసనమే," అనేవారు పెద్దసారు. ఆ డిసెంబరులో మొదటి మూడూ ఏమిటంటే ఒక స్తోత్రాల పుస్తకం, ఒక ఊరగాయల పుస్తకం, పోటీ పరీక్షల జనరల్ నాలెడ్జి. నాలుగోది కోర్టు మేడమ్ గారి నవల.

కోర్టు మేడమ్ అంటే నాంపల్లి కోర్టులో ముప్పై ఏళ్లకు పైగా వాంగ్మూలాలు టైపు చేసి రిటైరైన పెద్దావిడ. వాళ్ల నాన్నగారిది బందరు, యాభయ్యారులో అప్పటి రాజధాని కర్నూలు నుంచి సర్కారు ఫైళ్లతోపాటు హైదరాబాదు వచ్చి పడ్డారట. ఆవిడ పుట్టింది, పెరిగింది నాంపల్లి స్టేషను వెనకాలే అయినా భాష మాత్రం బందరు నుంచి కదల్లేదు. ఇన్నేళ్లు అసలు హత్యలను టైపు చేసి విసిగిపోయి, రిటైరయ్యాక శుభ్రమైన హత్యలు రాయడం మొదలుపెట్టారు. ఆవిడ నవలల్లో చుక్క రక్తం నేల రాలదు. ఒక కాలనీ ఉంటుంది, పది ఇళ్లుంటాయి, ఎవరో ఒకరు మర్యాదగా చనిపోతారు. అప్పడాలు ఒత్తే అత్తయ్య ఒకావిడ అందరి గుమ్మాలూ తిరిగి, పిండి కలుపుతూ హంతకుణ్ణి పట్టేస్తుంది. ఈ రకాన్ని ఇంగ్లీషు వాళ్లు కోజీ మిస్టరీ అంటారు. పెద్దసారు మాటల్లో చెప్పాలంటే, "ఇంట్ల సల్లగ కూసొని, పల్లీలు తినుకుంట చదివే మర్డర్."

ఆ నవలలో చనిపోయేది కాలనీ సంఘం అధ్యక్షుడు. ఆయనకు రోజూ సాయంత్రం అయిదున్నరకు మజ్జిగ తాగే అలవాటు. భార్య నాలుగింటికే నిమ్మాకు, అల్లం, ఇంగువ వేసి గాజుగ్లాసులో పోసి వంటింటి కిటికీ గట్టు మీద పెడుతుంది. ఆ గంటన్నరలో ఆ కిటికీ పక్క సందులోంచి ఆరుగురు నడుస్తారు. వాళ్లలో ఒకరు విషం కలుపుతారు. చివరి రెండు అధ్యాయాలు తప్ప అంతా టైపయింది. హంతకుడు సంఘం కార్యదర్శి అని మేడమ్ నిర్ణయించుకున్నారు.

నేను కవరు పనిని ఇంజనీరింగు పనిలాగే మొదలుపెట్టాను. నవల మొత్తం స్కేలు పక్కన పెట్టుకుని చదివాను. కిటికీ గట్టు వెడల్పు తొమ్మిదంగుళాలని మూడో అధ్యాయంలో ఉంది. గ్లాసులో మజ్జిగ ముప్పావు వంతు. ఎండ పడమటి నుంచి, కాబట్టి నీడ ఎడమకి. అన్నీ కొలత ప్రకారం గీసి తీసుకెళ్తే పెద్దసారు ఒక నిమిషం చూసి, "మంచిగున్నది. పిల్లి ఏది?" అన్నారు.

"నవల్లో పిల్లి లేదు సార్."

"నవల్ల లేకుంటె ఏమాయె? కవర్ల ఉండాలె గద." అని బల్ల కింద నుంచి ఒక గోనెసంచి లాగి బోర్లించారు. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద అమ్మే పాత ఇంగ్లీషు పుస్తకాలు, ఇరవై మూడు, అన్నీ ఈ రకం హత్యలే. "గివన్నీ చూసి చెప్పు. పిల్లి లేకుంట ఒక్కడన్న సచ్చిండా?"

రెండు రోజులు కూర్చుని పట్టిక తయారుచేశాను. ఇరవై మూడు కవర్లలో కప్పు ఉన్నవి పదిహేడు, కేకు ఉన్నవి పన్నెండు, పిల్లి ఉన్నవి ఇరవై ఒకటి. (మిగిలిన రెండింట్లో ఒకదానికి అట్ట చిరిగిపోయింది, చిరిగిన అంచు దగ్గర తోక కనిపిస్తోంది.) ముందుచూపుతో చివరి పేజీలు కూడా చదివాను. చనిపోయిన మనుషులు ముప్పై ఒక్కరు. చనిపోయిన పిల్లులు సున్న. పట్టిక చూసి పెద్దసారు నా వీపు తట్టారు. "చూసినవా? మనిషి సచ్చినా పబ్లిక్ మాఫ్ చేస్తది. పిల్లి సస్తే బుక్కు మన మొఖాన కొడ్తది. పో, పిల్లిని పట్టుకరా."

పిల్లిని ఊహించి గీయడం నా వల్ల కాదు. అసలు వస్తువు ముందుంటే తప్ప నా చెయ్యి కదలదు. నాకు తెలిసిన పిల్లుల్లో కుదురుగా కూర్చునేది ఒక్కటే ఉండేది, మొజంజాహీ మార్కెట్లో ఒక ఐస్‌క్రీం దుకాణంలో. తెల్లటి ఒళ్లు, నల్లటి కుడి చెవి, ఎవరి అర్జీ అయినా రేపు చూద్దాం అన్నట్టుండే మొహం. అందుకే దుకాణందారు దాన్ని తహసీల్దార్ అని పిలిచేవాడు. ఆయన్ని అందరం ఐస్‌క్రీం భాయ్ అనేవాళ్లం. మధ్యాహ్నం భోజనం వేళలో టేపు పట్టుకుని వెళ్లి పిల్లిని ముక్కు నుంచి తోక దాకా కొలుస్తుంటే భాయ్ గరిటె ఆపి చూశాడు.

"క్యా సాబ్, తహసీల్దార్ సాబ్‌కు సూట్ కుట్టిస్తున్నరా?"

"పుస్తకం మీద బొమ్మ భాయ్."

"అరే వాహ్! దీని ఫోటో పుస్తకం మీదనా? నిలబడు బేటా, సీదా నిలబడు!" అన్నాడు. అది నిలబడలేదు. కొలతలు తీసుకోనిచ్చింది, తోక దగ్గర మాత్రం ఒకసారి గీరింది. (మూడు గీతలు, సమాంతరంగా.)

పిల్లిని గట్టు మీద కూర్చోబెట్టాను. గ్లాసు పక్కన ఖాళీగా ఉందనిపించి తోకని గ్లాసు చుట్టూ అందంగా తిప్పాను. అప్పటికి కోర్టు మేడమ్ చెల్లెలి కూతురి పెళ్లికి బందరు వెళ్లి ఉన్నారు. ప్రెస్సు వాళ్లు ఆ మర్నాడు తప్పితే మళ్లీ క్యాలెండర్లు, డైరీల పనుల్లో మునిగిపోతామన్నారు. షీటు వెళ్లింది, అచ్చయింది, కట్టలు కట్టలుగా వచ్చింది. రంగులు అద్భుతంగా పడ్డాయి. నా జీవితంలో మొదటి కవరు. నేను ఆ కట్ట పక్కన కూర్చుని సమోసా తిన్నాను. అంత రుచి సమోసా మళ్లీ దొరకలేదు.

మేడమ్ పెళ్లి లడ్డూలతో సహా ఆఫీసుకు వచ్చారు. కవరు చేతికిచ్చాను. కళ్లజోడు సవరించుకుని చూశారు. లడ్డూల డబ్బా మూత నెమ్మదిగా మళ్లీ పెట్టేశారు.

"అబ్బాయ్, ఈ గట్టు వెడల్పెంత?"

"తొమ్మిదంగుళాలు మేడమ్. మీరు రాసిందే."

"ఈ పిల్లి?"

"కూర్చుంటే పన్నెండు పొడవు, ఏడు వెడల్పు."

"పిల్లికీ గ్లాసుకీ మధ్య ఎంత?"

"రెండుంపావు," అన్నాను గర్వంగా. "తోక దగ్గరైతే అరంగుళం."

ఆవిడ కవరు బల్ల మీద పెట్టారు. "నువ్వెప్పుడైనా పిల్లిని చూశావుటయ్యా?"

"కొలిచాను మేడమ్."

"కొలిచావు గానీ చూడలేదు. గట్టు మీద గ్లాసుంటే ఏ పిల్లయినా ఏం చేస్తుంది? ఒక్క తాపు తంతుంది. ఇక్కడ తోక గ్లాసుకి చుట్టుకునుంది! నా గ్లాసు నాలుగింటి నుంచి అయిదున్నర దాకా నిలబడాలి. నిలబడకపోతే మజ్జిగ లేదు, మజ్జిగ లేకపోతే చావు లేదు, చావు లేకపోతే మా అత్తయ్య అప్పడాలు ఒత్తుకుంటూ కూర్చోవాలి. నూట ఎనభై పేజీలూ!"

పెద్దసారు కలగజేసుకుని, "మేడమ్, పబ్లిక్ గంత ఆలోచిస్తదా?" అన్నారు.

"ఆలోచించకుండా మిస్టరీ ఎవరు చదువుతారండీ? ముప్పై ఏళ్లు క్రాస్ ఎగ్జామినేషన్లు టైపు చేశాను. ఈ పిల్లిని ప్రశ్న అడిగితే నా కేసు అయిదు నిమిషాల్లో కొట్టేస్తారు. నేను పుస్తకం ఇవ్వను."

అదీ పరిస్థితి. స్టాలు తెరవడానికి పదకొండు రోజులుంది. కవరు మార్చడానికి వీల్లేదు, ఎందుకంటే ప్రెస్సు ఖాళీ లేదు. పిల్లి లేకుండా కవరు లేదు, పిల్లి ఉంటే నవల లేదు. ఆ రోజు నేను ఇదే కవరును ఇంకాస్త అడ్డదిడ్డంగా, కొలతలు లేకుండా గీసి ఉంటే ఎవరూ అడిగి ఉండరన్నది నిజం. పెద్దసారు నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి (అంటే కింద కళ్లజోళ్ల షాపులో మాత్రమే వినపడేలా) చెప్పారు. "ఇంజనీరూ, నువ్వు మంచి పోరనివి. గాని గీ బుక్కు స్టాల్‌ల ఉండకుంటె నేనేం జెయ్యలేను. ఇగ నువ్వు మీ మామ గొట్టాలు చేసుకోవాలె." అని నా చాయ్ తాగేసి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం పరిష్కారాల జాబితా రాసుకెళ్లి మేడమ్ వాళ్లింట్లో చదివి వినిపించాను. ఒకటి, అది పిల్లి కాదు, పింగాణీ బొమ్మ. ("పింగాణీ బొమ్మకి మీసాలు ఒక్కొక్కటి గీస్తారా?") రెండు, పిల్లి నిద్రపోతోంది. ("కళ్లు తెరుచుకుని?") మూడు, గ్లాసు గట్టుకి సిమెంటుతో అతికించి ఉంది. ("మరి ఆయన తాగడం ఎలా నాయనా, స్ట్రాతోనా?") నాలుగు, పిల్లికి వయసైపోయి కాలు లేవదు. అయిదు, గ్లాసు పడి పగిలితే ఆ గాజు పెంకు మీద కాలేసి అధ్యక్షుడు చనిపోతాడు. మేడమ్ అయిదోదాన్ని చాలాసేపు ఆలోచించి, "రక్తం," అన్నారు బాధగా. ఆరు, పిల్లి చనిపోతుంది. ఆవిడా నేనూ ఒకేసారి తల అడ్డంగా ఊపాం. నాకు పట్టిక గుర్తుంది, ఆవిడకు పట్టిక అవసరమే లేదు.

జాబితా పద్నాలుగో అంశం దగ్గర అయిపోయింది. మేడమ్ కాఫీ తెచ్చి పెట్టి, "ఇంతకీ ఎవరిదయ్యా ఈ పిల్లి?" అన్నారు. చెప్పాను. మార్కెట్లో ఐస్‌క్రీం దుకాణం, పేరు తహసీల్దారు. ఆవిడ కప్పు దించారు.

"అంటే ఇది కల్పితం కాదూ? నిజంగా ఉన్న పిల్లా? ఈ మాట ముందే చెప్పవేం! నిజమైన సాక్షి ఉంటే ఊహాగానాలెందుకు? పిలిపించి అడగాలి."

పిల్లిని పిలిపించడం కుదరదు గనక మేమే వెళ్లాం. మర్నాడు మధ్యాహ్నం నాలుగింటికి మొజంజాహీ మార్కెట్లో ఆ దుకాణం ముందు మేడమ్ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఒళ్లో అట్ట పెట్టుకుని, పంచనామా రాయడం మొదలుపెట్టారు. పంచనామాకు ఇద్దరు సాక్షులు కావాలని పక్కనున్న పళ్ల దుకాణాయన్ని, అత్తరు అమ్మే ముసలాయన్ని కూర్చోబెట్టారు. పెద్దసారు సంస్థ తరఫున హాజరు. నేను స్టాప్‌వాచీ. మజ్జిగ మేడమ్ ఇంటి నుంచే వచ్చింది, నిమ్మాకుతో, ఇంగువతో, నవలలో ఉన్నట్టే. దుకాణం కౌంటరు అంచు వెడల్పు కొలిచాను. తొమ్మిదిం ముప్పావు. అటు పక్కన ముప్పావంగుళం ఇటుక ముక్క పేర్చి తొమ్మిదికి తెచ్చాను. గ్లాసు పెట్టాను. ఐస్‌క్రీం భాయ్ పిల్లిని ఎత్తి సరిగ్గా రెండుంపావు అంగుళాల దూరంలో కూర్చోబెట్టి, దాని నెత్తి నిమిరి, "సచ్ బోల్నా బేటా, నిజం చెప్పాలె," అన్నాడు.

ఆ గంటన్నర నోట్సు నా దగ్గర ఇప్పటికీ ఉంది. నాలుగు ఎనిమిదికి పిల్లి గ్లాసు వాసన చూసింది. ఇంగువకి మొహం చిట్లించింది. నాలుగు ఇరవైకి ఆవలింత. నాలుగు ఇరవై ఆరుకి ఒక కాలు ఎత్తింది. ఆ కాలుతో చెవి గోక్కుంది. నాలుగు నలభైకి జనం చేరారు, ఏం జరుగుతోందని ఒకరు అడిగితే ఇంకొకరు "పిల్లికి జాబ్ ఇంటర్వ్యూ" అని చెప్పారు. నాలుగు యాభై రెండుకి లేచి, ఒళ్లు విరుచుకుని, గ్లాసు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. తోక గ్లాసుని రాసుకుంటూ వెళ్లింది. అత్తరు ముసలాయన కళ్లు మూసుకున్నాడు. గ్లాసు కదల్లేదు. పిల్లి మళ్లీ వచ్చి మొదటి చోటే కూర్చుంది.

"గదెట్ల?" అన్నారు పెద్దసారు నమ్మలేక.

ఐస్‌క్రీం భాయ్ నవ్వి వెనకాల అరలు చూపించాడు. నేల నుంచి కప్పు దాకా గాజు కప్పులు, ఫాలూదా గ్లాసులు, వరసలు వరసలుగా. "సాబ్, ఇది గీ గ్లాసుల నడుమనే పుట్టింది. గిన్నె అంత ఉన్నప్పటి నుంచి గిండ్లనే నడుస్తది. ఒక్కటి పలగ్గొట్టలే. పలగ్గొట్టేది అంతా నా బామ్మర్దే."

మేడమ్ రాస్తున్న చెయ్యి ఆపి, "ఈ సంగతి మీకు తప్ప ఇంకెవరికైనా తెలుసునా అండీ?" అన్నారు.

"నాకొక్కనికే తెల్సు అమ్మా. కస్టమర్లందరు భయపడ్తరు. దీన్ని చూస్తే గ్లాసు తీసి పక్కన పెట్టుకుంటరు."

ఆవిడ ఆ జవాబు కింద రెండు గీతలు గీయడం నేను చూశాను. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

అయిదు ఇరవై. ఇంకో పది నిమిషాలు. పిల్లి విగ్రహంలా ఉంది. డక్టులు నా కళ్ల ముందు నుంచి ఒక్కొక్కటే తొలగిపోతున్నాయి. పెద్దసారు ఉత్సాహం పట్టలేక పళ్ల దుకాణాయనకి మా పాత నవలల కథలు చెప్పడం మొదలుపెట్టారు. కథ రసపట్టులో ఉంది, చేతులు గాల్లో ఆడుతున్నాయి. "అప్పుడు ఏమైందంటె, ఆ డాక్టర్ లోపలికొచ్చి..." అంటూ ఆయన కుడిచెయ్యి తిరిగి వచ్చి కౌంటరు మీద ఆనింది. గ్లాసు తగిలింది. నేను "సార్!" అని అరిచేలోపు ఎత్తి, గటగటా తాగి, ఖాళీ గ్లాసు మళ్లీ పిల్లి పక్కన పెట్టి, మూతి తుడుచుకుని, "ఆఁ, లోపలికొచ్చి ఏమన్నడు..." అని ఆగిపోయారు.

పెద్దసారు గ్లాసు వైపు చూశారు, నా వైపు చూశారు. రంగు నీళ్లు తాగినప్పుడు కూడా ఆయన మొహం అలా పాలిపోలేదు.

ఐస్‌క్రీం భాయ్ ముందుగా తేరుకున్నాడు. పిల్లిని గబుక్కున ఎత్తుకుని గుండెలకు హత్తుకున్నాడు. "సాబ్, అందరు చూసిన్రు! పిల్లి బేకసూర్! దీని తప్పు ఏం లేదు!"

నేను స్టాప్‌వాచీ ఆపాను. ఎనభై ఒక్క నిమిషాలు. తొమ్మిది తక్కువ. ప్రయోగం విఫలం. జేబులోంచి డైరీ తీసి ఆఖరు తేదీ చూసుకున్నాను, మా మేనమామ హెల్మెట్ ఏ సైజో అనుకుంటూ. అంతలో కోర్టు మేడమ్ కుర్చీలోంచి లేచారు. ఆవిడ కళ్లు మెరుస్తున్నాయి.

"రాసుకో అబ్బాయ్. పిల్లి గ్లాసు తన్నలేదు. మనిషి వచ్చాడు. చూడకుండా తాగాడు. ఇంతమంది ఎదురుగా తాగాడు." పెద్దసారు వైపు తిరిగి చేతులు జోడించారు. "మీరు మా అధ్యక్షుడండీ, అచ్చం మీరే. ఆయన పక్కనున్న పిల్లిని కూడా చూసుకోకుండా ఎలా తాగాడని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలా అని నిన్నటి నుంచి నాకు నిద్ర లేదు. ఇప్పుడు సాక్ష్యం దొరికింది." పంచనామా మడిచి సంచీలో పెట్టుకుని, జడ్జిగారిలా గొంతు సవరించుకుని అన్నారు. "కవరు ఉంటుంది. పిల్లి ఉంటుంది. కవరు గీసినవాడూ ఉంటాడు. లేకపోతే నా తర్వాతి నవల మీకుండదు."

పెద్దసారు ఇంకా పొట్ట మీద చెయ్యి వేసుకునే ఉన్నారు. "ఉంటడు మేడమ్, ఉంటడు. ఎక్కడ్కి పోతడు. ముందుగాల చెప్పున్రి, గా మజ్జిగల మీరు ఏం కలపలే గద?"

ఆవిణ్ణి నాంపల్లి దాకా దిగబెట్టడానికి వెంట నడిచాను. దారిలో ఆవిడ హఠాత్తుగా ఆగారు. "అబ్బాయ్, కార్యదర్శి కాదు."

"ఏమిటి మేడమ్?"

"హంతకుడు. గట్టు మీద గ్లాసు పక్కన పిల్లి ఉంది. కార్యదర్శి అయితే ఏం చేస్తాడు? పిల్లి తన్నేస్తుందేమోనని దాన్ని అదిలిస్తాడు. విషం కలిపి, పిల్లిని అక్కడే వదిలేసి నిశ్చింతగా వెళ్లిపోయినవాడు ఎవరు? ఆ పిల్లి గ్లాసు పడేయదని తెలిసినవాడు. అది తెలిసింది ఒక్కడికే."

ఇద్దరం వెనక్కి తిరిగి చూశాం. దూరంగా ఐస్‌క్రీం భాయ్ ఒక చంకలో తహసీల్దారుని పెట్టుకుని, ఇంకో చేత్తో మాకు టాటా చెబుతున్నాడు. మా అందరికీ సీతాఫలం ఐస్‌క్రీం ఉచితంగా తినిపించిన మనిషి.

"అయ్యో మేడమ్, పాపం," అన్నాను.

"నాకూ బాధగానే ఉందయ్యా. కానీ సాక్ష్యం ఎటు తీసుకెళ్తే అటే వెళ్లాలి," అన్నారు ఆవిడ కళ్లు ఒత్తుకుంటూ. నాలుగు రోజుల్లో చివరి రెండు అధ్యాయాలు టైపు చేసిచ్చారు, మొదటి అధ్యాయాల్లో పిల్లిని చొప్పించి, కాలనీ మొదట్లో ఒక ఐస్‌క్రీం దుకాణం కట్టించి మరీ. స్టాలు తెరిచిన రోజు ఉదయం పుస్తకం అక్కడ ఉంది. మా నాన్న వచ్చి, ఒక కాపీ దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసి, "గ్లాసులో మజ్జిగ మట్టం సరిగ్గా ఉంది," అన్నారు. ఆయన జీవితంలో అంతకన్నా పెద్ద మెచ్చుకోలు మాట ఎవరినీ అనలేదు. డక్టుల ప్రస్తావన మళ్లీ రాలేదు.

ఐస్‌క్రీం భాయ్‌కి ఒక కాపీ ఇవ్వకుండా ఎలా ఉంటాం? తీసుకెళ్లి ఇచ్చాను, కథలో ఆయన దుకాణం కూడా ఉందని మాత్రం చెప్పి. ఆయనకు తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. కవరు చించి ఫ్రేము కట్టించి గల్లా పక్కన తగిలించాడు. ఎవరొచ్చినా చూపించి, "మా తహసీల్దార్. కథల నేను గూడ ఉన్న," అనేవాడు. నేనెప్పుడు వెళ్లినా ఒక కప్పు ముందు పెట్టి, "నా రోల్ ఎట్లుంది సాబ్?" అని అడిగేవాడు. "చాలా ముఖ్యమైంది భాయ్. చివరి దాకా నడిపించేది మీరే," అనేవాణ్ణి ఐస్‌క్రీం మింగుతూ. అబద్ధం కాదు. కానీ ఆ కొన్నేళ్లూ ఏనాడూ రెండో కప్పు అడగలేదు.

ఇప్పుడు నేను కవర్లు గీయడంలో పాతకాపుని. పిల్లి కావాలని కంప్యూటర్‌ని అడిగితే నిమిషంలో నలభై రకాలు గీసి చూపిస్తుంది. వాటిలో ఏది గ్లాసు తంతుందో అదీ చెప్పలేదు, నేనూ అడగను. టేపు డ్రాయరులోనే ఉంది. మొన్న వేసవిలో మా ఆవిణ్ణి తీసుకుని మార్కెట్‌కి వెళ్లాను. తహసీల్దారు లేదు, దాని కూతురో మనవరాలో, అదే నల్ల చెవితో, ఫాలూదా గ్లాసుల నడుమ నడుస్తోంది. భాయ్ గడ్డం నెరిసింది. కప్పు నా ముందు పెట్టి, ఈసారి ఏమీ అడగలేదు. పక్కన కూర్చున్నాడు.

"సాబ్, మా బిడ్డ తెలుగు మీడియంల టీచర్ అయింది. మొన్న మొత్తం చదివి వినిపించింది."

నా చెంచా కప్పులోనే ఆగిపోయింది. మా ఆవిడ నా మొహం చూసి తన చెంచా కూడా ఆపింది. ఆనాటి కుర్రాడు, డైరీలో అన్నిటికీ జాబితాలు రాసుకున్నవాడు, ఈ ఒక్క పరిస్థితికి ఏ జాబితా రాసిపెట్టలేదు.

"మర్డర్ నేనే చేసిన్నట," అన్నాడు భాయ్ నెమ్మదిగా. గోడ మీద ఫ్రేము వైపు చూశాడు. తర్వాత నా వైపు కొంచెం వంగి, దుకాణంలో ఎవరూ వినకుండా అడిగాడు. "పర్వాలేదు సాబ్. కథ అంటె ఎవరో ఒకరు చెయ్యాలె గద. ఒక్కటే చెప్పు. లాస్టుల పోలీసులు నన్ను తీస్కపోయినంక, పిల్లిని ఎవరు చూస్కున్నరు?"

అది నవలలో లేదు. మేడమ్ రాయలేదు, నేను గమనించలేదు, ఇరవై మూడు పుస్తకాల పట్టికలో కూడా ఆ గడి లేదు. "అప్పడాల అత్తయ్య తీసుకెళ్లింది భాయ్," అన్నాను. "రోజూ ఆవిడే చూసుకుంటుంది."

భాయ్ తల ఊపి, హాయిగా ఊపిరి వదిలి, నా కప్పులో ఇంకో గరిటె వేశాడు.